పాతరలోకి మొదట దిగినవాడు

అనగనగా అని మొదలుపెట్టడం వరకు నాకు బాగా గుర్తు. ఆ తర్వాత ఏది ముందు, ఏది వెనక అన్నది కాస్త అటూ ఇటూ కావచ్చు పిల్లలూ. ఒకరోజు మాట ఇంకో రోజు మీద పడితే మీరే సర్దుకోండి. జరిగింది మాత్రం జరిగినట్టే చెబుతాను.

అనగనగా గుండ్లకోన అనే కొండకోట. ఆ కోటకు రాజు మల్లభూపతి. కోట గుమ్మం బయట ఒక పెద్ద మట్టిదిబ్బ. ఆ దిబ్బ కింద పాతర.

పాతర అంటే మీకు తెలియదు. నేలలో బావిలాగా లోతుగా తవ్వి, లోపల చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన రాతిమూత పెట్టి మట్టితో మెత్తేవారు. ఏళ్లు గడిచినా గింజ చెడదు. కానీ గింజను కాచే ఆ చీకటి మనిషిని కాయదు. మూసిన పాతరలో గాలి విషమవుతుంది. మూత తీసిన వెంటనే దిగినవాడు మళ్లీ పైకి రాడు. అందుకని ముందు తాడు కట్టి దీపం దించేవారు. దీపం ఆరితే ఆగాలి. వెలిగితే దిగాలి.

గుండ్లకోనలో రాజుగారి ముత్తాత పెట్టిన కట్టడి ఒకటి ఉండేది. కరువు వస్తే పాతర తెరవాలి. తొలి గరిటె అంబలి, ఇచ్చినవాడి పేరు చెప్పి పొయ్యాలి. ఆ పేరు దగ్గర తగువు వస్తే సభలో వాదం జరగాలి. వాదం తెగే దాకా మూత కదలకూడదు. గెలిచినవాడు పేరు చెప్పాలి. ఓడినవాడు పాతరలోకి మొదట దిగాలి. మాటతో ఓడినవాడు చేత్తోనైనా నలుగురికి పనికి రావాలని ఆ పెద్దాయన ఉద్దేశం.

ఇన్ని తరాల్లో ఎవరూ తగువు పడలేదు. దేవుడిచ్చాడు అనేవారు, పోసేవారు, తాగేవారు.

మల్లభూపతి కాలంలో వానలు మొహం చాటేశాయి. మూడో ఏడు చెరువుల అడుగున మట్టి పెంకుల్లాగా లేచింది. పల్లెల నుంచి జనం ముంతలు పట్టుకొని కోట గుమ్మం దగ్గరికి వచ్చి కూర్చున్నారు. దిబ్బ చుట్టూ కూర్చున్నారు. తమ కింద జొన్నలున్నాయని వాళ్లందరికీ తెలుసు.

రాజుకు భయం పట్టుకుంది. "ఇప్పుడే తెరిస్తే, రేపు వాన రాకపోతే కోటలోవాళ్ల గతేమిటి?" అని మంత్రి పేరయను అడిగాడు.

పేరయ మాట మెత్తన, మనసు గట్టి. "ప్రభూ, ఇవ్వం అని అనకండి. ఇస్తామనే అనండి. ఎవరి పేరున ఇవ్వాలో తేల్చమనండి" అన్నాడు.

"తగువు పెట్టేవాడెవడు?"

"మైలారయ్య ఉన్నాడుగా."

మైలారయ్య తర్కం చదివినవాడు. దేవుడు లేడనేవాడు. ఆ మాట అన్నందుకు సభ గడప తొక్కనివ్వలేదు ఎవరూ. వీధి అరుగు మీద చెప్పుకుంటూ తల నెరిసింది. అలాంటివాడి ఇంటికి పల్లకీ వచ్చింది. రాజుగారు నీ వాదం వింటారట అన్నారు. మైలారయ్య గుండె పొంగింది. పల్లకీ ఎక్కేటప్పుడు దిబ్బ వైపు చూడలేదు. చూడకూడదని కాదు, చూడాలని తోచలేదు.

ఎదుటి పక్షం కేదారభట్టు. ఆయనా మైలారయ్యా ఒకే గురువు దగ్గర ఒకే ఆకులో తిన్నవాళ్లు. దారులు వేరయ్యాయి గాని నోళ్లు వేరు కాలేదు. ఎదురుపడితే చాలు, వేళాకోళమే.

"ఏమిరా మైలారా, పేరులోనే మైలారదేవుణ్ణి పెట్టుకొని తిరుగుతూ లేడంటావు?" అన్నాడు భట్టు, సభ గుమ్మంలో.

"మా నాన్న పెట్టాడు. పేరులో ఉన్నంత మాత్రాన ఊళ్లో ఉన్నట్టా?" అన్నాడు మైలారయ్య.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వే చివరిది.

మొదటి రోజు భట్టు లేచాడు.

"ప్రభూ, దారిలో కుండ కనబడితే కుమ్మరి ఉన్నాడంటాం. కుండే దానంతట అది కాకపోతే ఇంత లోకం ఎలా అవుతుంది? కొంగకు బురదలో పొడుచుకునే ముక్కు, గేదె ఈనిన పూటకే పాలు, చంటిదానికి పళ్లు వచ్చే దాకా మెత్తని ఆహారం. ఇంత పొందిక చేసిన చెయ్యి ఒకటి ఉంది" అన్నాడు.

మైలారయ్య లేచాడు. "కుమ్మరి చక్రం తిప్పగా చూశాం గనుక కుండను చూసి కుమ్మరి అంటాం. లోకాలు తిప్పేవాణ్ణి ఏ వీధిలో చూశావు భట్టూ? పాదు మీద గుమ్మడికాయ ఉంది. దాన్ని ఏ కుమ్మరి చేశాడు? లోకమూ అలాగే కాసిందేమో. పోనీ, కుమ్మరే ఉన్నాడనుకో. కారే కుండ చేసిన కుమ్మరిని మనం ఏమంటాం? మూడేళ్లుగా చుక్క నిలవని లోకాన్ని చేసినవాణ్ణి ఏమనాలి?"

సభ గుసగుసలాడింది. అప్పుడు పేరయ రాజు చెవిలో ఏదో అన్నాడు. రాజు గొంతు సవరించుకున్నాడు.

"భట్టుగారి మాట బాగుంది. ఇంత పొందికగా చేసిన చెయ్యే కరువునూ చేసి ఉంటుంది. ఆ చేతికి అడ్డుపడి పాతర తెరవడానికి మేమెవరం? రేపు ఇంకా విందాం."

భట్టు ముఖం పాలిపోయింది. తన మాట అటు తిరుగుతుందని ఆయన అనుకోలేదు. మైలారయ్య మాత్రం లోలోపల సంతోషించాడు. భట్టు దెబ్బ తినడం అతనికి బాగుంది.

సాయంత్రం పల్లకీ దిబ్బ పక్కనుంచి వెళ్లింది. అక్కడ ఈరమ్మ అనే ఆమె కూర్చుని ఉంది. పక్కన ఆమె అత్త, ఒడిలో బిడ్డ. ఈరమ్మ పల్లకీ కొమ్ము పట్టుకుంది.

"అయ్యా, ఉన్నాడని తేలిందా? లేడని తేలిందా?"

"ఇంకా తేలలేదమ్మా."

"ఏది తేలినా మాకు సమ్మతమే. తొందరగా తేల్చండయ్యా" అంది.

వెనక నుంచి ముసలామె గొణిగింది. "ఉంటే ఉన్నాడని గంజి పొయ్యండి, లేకుంటే లేడని పొయ్యండి. గంజికేం తెలుస్తుంది?"

మైలారయ్యకు నవ్వొచ్చింది. ఇంటికి వెళ్లి ఆ మాటను రేపు సభలో ఎలా వాడాలా అని ఆలోచించాడు.

రెండో రోజు మైలారయ్య ముందు లేచాడు.

"తుమ్మముల్లును ఎవరు చెక్కారు? నెమలి తోకకు ఎవరు రంగు పూశారు? నిప్పు కాలుతుంది, నీరు పల్లానికి పోతుంది. అది వాటి స్వభావం. వాన రావడం మన మీద దయ కాదు, రాకపోవడం కోపమూ కాదు. పైన ఇచ్చేవాడూ లేడు, లెక్క అడిగేవాడూ లేడు. ఉన్నదంతా మనమే" అన్నాడు.

చాలా బాగా చెప్పాడు. అరుగు మీద ఇన్నేళ్లూ పొదిగిన మాటలవి. సభలో పెద్దలు తలలు ఊపారు. భట్టు కూడా తల వంచి విన్నాడు.

పేరయ మళ్లీ రాజు చెవి దగ్గరికి వంగాడు.

"మైలారయ్య మాటా బాగుంది. లెక్క అడిగేవాడు లేడు. అడిగేవాడు లేనప్పుడు మేము ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే. తొందరెందుకు? రేపు ఇంకా విందాం" అన్నాడు రాజు.

మైలారయ్య నోరు తెరిచాడు. ఉన్నదంతా మనమే, అందుకే మనమే ఇవ్వాలి అని చెప్పబోయాడు. అప్పటికే సభ లేచిపోయింది. తన జీవితమంతా పదును పెట్టిన కత్తిని ఎవరో తీసుకుపోయి ఆ రాతిమూతకు గడియగా పెట్టినట్టయింది.

ఆ సాయంత్రం అతను పల్లకీ ఎక్కలేదు. నడిచాడు. దిబ్బ దగ్గర ఈరమ్మ పక్కన ముసలామె లేదు. ఆమె కూర్చున్న చోట చీర ముక్క ఒకటి పడి ఉంది. పక్కవాళ్లు ఆ చోటులోకి ఇంకా జరగలేదు.

"అయ్యా, తేలిందా?" అంది ఈరమ్మ. ఈసారి కొమ్ము పట్టుకోవడానికి పల్లకీ లేదు. ఆమెకు లేచే ఓపికా లేదు.

మైలారయ్యకు ఒక ఆలోచన వచ్చింది. ఓడిపోయానంటే చాలు, వాదం తెగుతుంది. మూత లేస్తుంది. కానీ ఓడినవాడు దిగాలి. అతను దిబ్బను చూశాడు. మూత కింద చీకటి ఎంత లోతో తలచుకున్నాడు. కాళ్లలో వణుకు పుట్టింది.

'నేను చెప్పింది నిజం. నిజం చెప్పినవాడు ఓడిపోయాననడం అబద్ధం కాదా?' అని తనకు తాను చెప్పుకున్నాడు. చాలా మంచి కారణం అది. భయానికి ఎప్పుడూ మంచి కారణమే దొరుకుతుంది. ఇంటికి వెళ్లి పడుకున్నాడు.

మూడో రోజు సభకు వచ్చేసరికి ఇద్దరికీ వేళాకోళం లేదు. భట్టు కాళ్లకు దిబ్బ దగ్గరి ఎర్రమట్టి ఉంది. తెల్లవారక ముందే అక్కడికి వెళ్లి వచ్చాడని మైలారయ్యకు అర్థమైంది.

భట్టు లేచి నెమ్మదిగా అన్నాడు. "దాహం ఉంది గనుక నీరు ఉంది. నీరు లేని లోకంలో దాహం పుట్టదు. ఏ దేశంలో చూసినా, ఏ భాషలో చూసినా మనిషి కష్టంలో పైకి చూసి ఎవరినో పిలుస్తాడు. ఆ పిలుపు ఉంది గనుక పలికేవాడూ ఉన్నాడు."

మైలారయ్యకు జవాబు నాలుక మీదనే ఉంది. ఆపుకోలేకపోయాడు. వాదించేవాడి అలవాటు అది.

"గుమ్మం బయట ఆకలి ఉంది భట్టూ. ఆకలి ఉంది గనుక అన్నం ఉందా మరి?"

భట్టు మైలారయ్య కళ్లలోకి చూశాడు.

"ఉంది. మూత వేసి ఉంది."

రాజు చేతులు సింహాసనం పట్టెల మీద బిగుసుకున్నాయి. పేరయ ఒక్కడే తొణకలేదు.

"ఇద్దరూ సమానులే. ఇది మనుషులకు తేలే విషయం కాదు. తేలని విషయంలో తొందరపడటం పాపం. ఇంకొన్నాళ్లు..." అని మొదలుపెట్టాడు.

"తేలింది. నేను ఓడిపోయాను" అన్నాడు భట్టు.

పేరయ ఆగిపోయాడు. మైలారయ్య గబుక్కున లేచి భట్టు ఉత్తరీయం పట్టుకొని లాగాడు.

"ఏమంటున్నావురా? నువ్వు ఓడిపోలేదు. ఇప్పుడు నా దగ్గర జవాబు లేదు."

"రుజువు చేస్తానని వచ్చాను. చెయ్యలేకపోయాను. అది అబద్ధమా?"

"ఉన్నాడని నమ్ముతూనే ఓడిపోయానంటావా?"

"నమ్మకం నాతోనే ఉంటుందిలే. ఓడింది రుజువు" అన్నాడు భట్టు. తర్వాత గొంతు తగ్గించాడు. "మైలారా, రెండు రోజులుగా నా మాటా నీ మాటా ఆ మూత మీద బరువులే అవుతున్నాయి. ఒక బరువైనా దించనీ."

కట్టడి కట్టడే. రాజు కాదనలేకపోయాడు. జనం చూస్తుండగా గడ్డపారలతో మట్టి పెకలించి మూత దొర్లించారు. లోపలినుంచి పుల్లని వేడి ఊపిరి పైకి వచ్చింది. దగ్గరున్నవాళ్లు ముక్కులు మూసుకున్నారు.

దీపం దించారు. సగం లోతుకు పోకముందే ఆరిపోయింది.

వేపకొమ్మలు తాళ్లకు కట్టి దించి, లాగి, మళ్లీ దించి లోపలి గాలిని కదిపారు. రెండో దీపం దించారు. కొంచెం కిందికి పోయి ఆరింది.

"ఆగాలి. రేపటి దాకా ఆగితే గాలి తేటపడుతుంది" అన్నారు పాతరల సంగతి తెలిసిన పెద్దలు.

పేరయ చేతులు నలుపుకున్నాడు. "ఆగవచ్చు. కానీ కట్టడి ప్రకారం పొద్దు కుంకాక పాతర నోరు తెరిచి ఉండకూడదు. మూసి, మళ్లీ మంచి రోజు చూసి..."

భట్టు పొద్దు వైపు చూశాడు. అది కొండ వైపు వాలుతోంది. దిబ్బ కింద ఈరమ్మ కూర్చుని ఉంది. ఈసారి ఆమె ఏమీ అడగలేదు. బిడ్డ కంటి మీద ఈగ వాలింది. బిడ్డ రెప్ప కొట్టలేదు, ఆమె తోలలేదు.

భట్టు ఉత్తరీయం తడిపి ముక్కుకు కట్టుకున్నాడు. మైలారయ్య తాడు అందుకున్నాడు, ఇంకెవరినీ ముట్టనివ్వలేదు.

"భయంగా ఉందిరా" అన్నాడు భట్టు, మైలారయ్యకు మాత్రమే వినబడేట్టు.

"వద్దు. నేను..." అన్నాడు మైలారయ్య. మిగిలిన మాట రాలేదు. ఆ మిగిలిన మాట రానందుకే తర్వాత జీవితమంతా బాధపడ్డాడు.

భట్టు దిగాడు.

తాడు కదిలింది. మొదటి గంప పైకి వచ్చింది. జొన్నలు బంగారంలాగా ఉన్నాయి. జనం గొంతుల్లోంచి ఒక శబ్దం వచ్చింది, అది ఏడుపో సంతోషమో తెలియలేదు.

కాసేపటికి తాడు మళ్లీ కదిలింది. రెండో గంప వచ్చింది. సగమే నిండి ఉంది.

చాలాసేపటికి తాడు కొంచెం, చాలా కొంచెం కదిలింది. మూడో గంపలో గుప్పెడు గింజలు, దాని అంచున భట్టు ఉత్తరీయం.

మైలారయ్య పిలిచాడు. పాతర అతని కేకనే అతనికి తిరిగి ఇచ్చింది. అప్పుడతను ఇక ఏమీ ఆలోచించలేదు. కాళ్లు వణికాయో లేదో కూడా చూసుకోలేదు. తాడు నడుముకు చుట్టుకొని, ఊపిరి బిగపట్టి దిగాడు. పైనవాళ్లు ఇద్దరినీ ఒక్కసారిగా లాగారు. ఒకడు దగ్గుతూ వచ్చాడు. ఒకడు దగ్గలేదు.

భట్టు పిడికిట్లో గింజలు అలాగే ఉన్నాయి. వేళ్లు విప్పడం కష్టమైంది.

ఆడవాళ్లు అప్పటికే జొన్నలు దంచి పొయ్యి మీద వేశారు. అంబలి ఉడికింది. పెద్ద గరిటె తెచ్చి మైలారయ్య చేతికిచ్చారు. పొద్దు కొండ వెనక్కి సగం దిగింది.

పేరయ ముందుకు వచ్చాడు.

"వాదం గెలిచినవాడివి నువ్వు. తొలి గరిటె ఇచ్చినవాడి పేరున పొయ్యాలి. చెప్పు, ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదనే కదా నీ వాదం? పేరు లేకపోతే తొలి గరిటె లేదు. తొలి గరిటె లేకపోతే మలి గరిటె లేదు. పొద్దు కుంకుతోంది, మూత సిద్ధంగా ఉంది."

అప్పటికి గాని మైలారయ్యకు ఉచ్చు పూర్తిగా కనబడలేదు. దేవుడు అంటే ఓడినవాడి మాట చెప్పినట్టు, కట్టడి తప్పినట్టు. ఎవరూ లేరంటే మూత. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తన గెలుపునే తన ముందు గోతిగా తవ్వి ఉంచాడు మంత్రి.

మైలారయ్య గరిటెను అంబలిలో ముంచాడు. అతని గొంతు బొంగురుపోయి ఉంది. అయినా అందరికీ వినబడింది.

"ఇచ్చినవాడున్నాడు. మీరందరూ చూశారు. పేరు కేదారభట్టు."

తొలి గరిటె ఈరమ్మ బిడ్డ నోట్లో పోశాడు. అంబలి పెదాల పక్కనుంచి కారిపోయింది. ఈరమ్మ వేలితో తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ కారింది. మూడోసారి బిడ్డ గుటక వేసింది.

ఆ గుటక చూశాక మూత ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. రాజు తల వంచుకొని కోటలోకి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు ఆ పాతర అడుగంటి, దిబ్బ అవతల ఉన్న రెండో పాతర తెరవాల్సి వచ్చింది. ఎవరు దిగాలని ఎవరూ అడగలేదు. జనం పక్కకు జరిగి పేరయకు దారి ఇచ్చారు, అంతే. ఆయన మాత్రం దీపం నిలకడగా వెలిగే దాకా చూసుకొని మరీ దిగాడు.

వానలు వచ్చాయి. కానీ చాలామందికి ఆలస్యంగా వచ్చాయి. గుండ్లకోన పల్లెల్లో సగం పొయ్యిలు మళ్లీ వెలగలేదు.

మైలారయ్య ఇక ఎవరితోనూ వాదించలేదు. అరుగు మీద కూర్చుంటే పిల్లలు వచ్చి అడిగేవారు. "తాతా, దేవుడున్నాడా, లేడా?"

"నాకు తెలియదు. ఆ రోజు ఒకడున్నాడు. వాడు దిగాడు" అనేవాడు.

పిల్లల వెనక కూర్చుని వింటున్న అనసూయా, మా చెల్లెలి నోట ఈ కథ నువ్వూ విన్నావు కదమ్మా. పేర్లు ఒక్కసారి సరిచూసి పెట్టు. రాజు పేరు తప్పైతే పోనీ, మంత్రి పేరు తప్పైతే మరీ మంచిది. దిగినవాడి పేరు మాత్రం తప్పు పోకూడదు, దాని కోసమే గదా తొలి గరిటె. నీతి ఒక్కటీ నేను మరిచిపోలేదు:

ఇచ్చేవాడు పైన ఉన్నాడా లేడా అన్న వాదం ఎన్నాళ్లైనా ఆగుతుంది, ఆకలి ఆగదు. అందుకని ముందు మూత తియ్యాలి.